కుర్చీలో కూర్చున్నదెవరు?

ఆ ఆదివారం ఉదయం జాగ్రత్తమ్మ వేసుకున్న పథకంలో ప్రమాదకరమైనది ఏమీ లేదు. తమ్ముడి తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి. ఊడిన గుండీ కుట్టాలి. మధ్యాహ్నం భర్తతో కలిసి లైబ్రరీ హాలుకు వెళ్ళి, తమ్ముడి పుస్తకం విడుదలై ఉపన్యాసం పూర్తయ్యేదాకా మెలకువగా ఉండి, చప్పట్లు కొట్టి రావాలి. వీటిలో కష్టమైనది మెలకువగా ఉండడమే అనుకుంది.

జాగ్రత్తమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. గేటు దాటే ప్రతి మనిషికీ "జాగ్రత్త" అని చెప్పి, ఆ మనిషి మలుపు తిరిగేదాకా నిలబడి చూడకపోతే ఆవిడకు ఊపిరాడదు. ఎదురింటికి చెంచాడు పంచదార కోసం వెళ్ళేవాళ్ళను కూడా యుద్ధానికి పంపినట్టే పంపుతుంది. వెళ్ళినవాళ్ళు సాధారణంగా తిరిగి వస్తారని ఒక జీవితకాలపు అనుభవం చెబుతూనే ఉంది. ఆవిడ ఆ అనుభవాన్ని ఇంతవరకూ నమ్మలేదు.

భర్త, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమాహాల్లో బొమ్మ వేసి వేసి రిటైరైన ఆపరేటరుగారు, కిటికీ దగ్గర కూర్చుని ఆహ్వానపత్రిక చదువుతున్నాడు.

"విన్నావా? 'పుస్తకావిష్కరణ అనంతరం ఆ చిత్రాన్ని, అసలు నెగెటివు నుంచి శుభ్రపరచిన కొత్త ప్రతిలో, పూర్తి నిడివితో, ఒక్క అంగుళమైనా కత్తిరించకుండా ప్రదర్శించెదము' అంట."

ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఉన్నచోటే ఆగిపోయింది.

"పూర్తి నిడివితోనా?"

"అచ్చులో ఉంది."

"రైలు కూడానా?"

ఆపరేటరుగారు కార్డు కిందకి దించాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలో ఇద్దరి మధ్యా సన్నగా పొగ లేచింది. చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె తన ఆకారాన్ని గోధుమరంగులో అచ్చు గుద్దింది.

ఆ ఊళ్ళో 'ఆ సినిమా' అంటే ఒక్కటే. పాత కాలపు ఫైటింగు సినిమా. మిగతా ఊళ్ళల్లో వారం కూడా ఆడలేదు. ఈ ఊళ్ళో మాత్రం, ప్రింటు వెనక్కి తీసుకెళ్ళడానికి కూడా పంపిణీదారుకు మనసొప్పక వదిలేసి పోవడంతో, ఏటా వేశారు, జనం ఏటా చూశారు. కథ చెప్పాలంటే ఒక పోలీసు, ఒక ముఠా, ముఠా వెనక ఎవరికీ కనపడని బాసు. బాసు ఎప్పుడూ కెమెరాకి వీపు పెట్టి పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. నల్ల గ్లవ్ తొడుక్కున్న చెయ్యి, దాని మీద ఎర్రరాయి ఉంగరం, అంతే కనిపిస్తాయి. ఆఖర్న హీరో తలుపు బద్దలుకొట్టి లోపలికి వస్తాడు. కుర్చీ తిరుగుతుంది, కెమెరా మాత్రం హీరో మొహం మీదే ఉంటుంది. "నువ్వా!" అంటాడు హీరో. తుపాకీ పేలుతుంది. మేడ కూలిపోతుంది. శుభం.

కుర్చీలో ఎవరన్నది ఎవరికీ తెలియదు. అంతకు ముందే, సగంలో, హీరోయిన్ ఒక ముక్కయినా చెప్పకుండా సినిమాలోంచి మాయమైపోతుంది. ఎటు పోయిందో అదీ తెలియదు.

ఈ రెండు తెలియనితనాల మీదే జాగ్రత్తమ్మ తమ్ముడు పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఊరి పత్రికలో సినిమా విమర్శకుడు. ఏది చూసినా "బాగుంది. అయితే..." అంటాడు కనక ఆయన్ని అందరూ 'అయితేగారు' అంటారు. ఆయన సిద్ధాంతం ప్రకారం ఆ సినిమాకు అతి పెద్ద బలం ఆ కుర్చీ. "దర్శకుడు మొహం చూపించలేదు. ఎందుకు? ఆ కుర్చీలో కూర్చున్నది మనమే. సమాజమే!" అతి పెద్ద బలహీనత హీరోయిన్ చెప్పకుండా పోవడం. "అంతటి పవిత్రమూర్తికి వీడ్కోలు సన్నివేశమైనా రాయలేదు. ఇది స్త్రీ పట్ల దర్శకుడి నిర్లక్ష్యం!" ఊరు ఈ మాట నమ్మింది. ఆ హీరోయిన్ పాత్ర పేరు ఎంతోమంది ఆడపిల్లలకు పెట్టారు. టైలరింగు స్కూలుకీ అదే పేరు. ఇప్పుడు ఆ సిద్ధాంతం 'ఒక పాత సినిమా: బలాలు, బలహీనతలు' అన్న పుస్తకమైంది.

వీడ్కోలు సన్నివేశం రాశారనీ, తీశారనీ, అది తమ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున చుట్టగా పడి ఉందనీ జాగ్రత్తమ్మకూ ఆపరేటరుగారికీ మాత్రమే తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆ సినిమా మొదటి ఆటకు వెళ్ళింది. కుండపోత వానకు హాల్లో ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు. రైలు కూత వేస్తూ వచ్చి ఆగింది. ప్లాట్‌ఫారం మీద హీరో దాని కిటికీ పట్టుకున్నాడు. హీరోయిన్ లోపల్నుంచి ఏడుస్తోంది. రైలు మళ్ళీ కూత వేసింది. అంతే, జాగ్రత్తమ్మ వెక్కుతూ లేచి బయటికి పోయింది. మిషను గదిలో గోడకున్న కంతలోంచి అది చూసిన కొత్తపెళ్ళికొడుకు రీలు దాని మానాన దాన్ని వదిలేసి మెట్లు దూకి పరిగెత్తాడు. రెండో ఆట లోపల మొదటి కూత దగ్గర్నుంచి ఆ రీలు చివరిదాకా కత్తిరించి అతికించేశాడు. మళ్ళీ పెడదామనే అనుకున్నాడు. కానీ ఆ వారమే బావమరిది సమీక్ష పత్రికలో వచ్చింది. దానికి సన్మానం జరిగింది. ఇక పెట్టడానికి వీల్లేకపోయింది.

"చెప్పేద్దామే. ఎన్నేళ్ళని దాస్తాం?" అన్నాడు ఆపరేటరుగారు.

"చెప్పి? వాడి సంగతి తెలిసే అంటున్నారా? ప్రాణస్నేహితుడు ప్రూఫులు చూసి పుస్తకం సన్నగా ఉందన్నాడని అతనితో మాటలు మానేశాడు. చిన్నప్పట్నుంచి ఒక బల్ల మీద కూర్చున్నవాళ్ళు! ఇప్పుడు ఎదురుపడితే ఒకడు గోడకేసి, ఒకడు ఆకాశంకేసి చూస్తూ పోతున్నారు. మీరు ఏకంగా పుస్తకమే కత్తిరించారు."

"నేను కత్తిరించింది రీలు."

"రెండూ ఒకటే!"

గోడవార గూట్లో తమ్ముడి కాఫీ గ్లాసు ఉంది. రోజూ ఉదయం వచ్చి, ఆ గ్లాసుతోనే తాగి, బావతో పేపరు మీద పోట్లాడి వెళతాడు. రేపట్నుంచి ఆ గ్లాసు అలాగే బోర్లించి ఉండడం ఆవిడకు కళ్ళకు కట్టింది. గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. కాలిన చొక్కాను మంచం కింద తోసి, చెప్పులు వేసుకుంది.

లైబ్రరీ హాల్లో కుర్చీలు వేయిస్తున్న లైబ్రేరియన్ అమ్మాయి మంచిది. అదే వచ్చిన చిక్కు.

"అమ్మాయ్, ఆ రైలుస్టేషను సీనుందే, అది రాగానే దాటించెయ్యి తల్లీ."

"ఎందుకు పిన్నిగారూ? పూర్తి నిడివి అని కార్డులో వేశాం కదా!"

ఎందుకో జాగ్రత్తమ్మ ఆలోచించుకుని రాలేదు. "మా తమ్ముడికి... గుండె బాగాలేదు," అంది. నోరు ఒకసారి తెరిచాక అబద్ధం దాని దారిన అది నడిచింది. "వీడ్కోళ్ళూ ఏడుపులూ చూడకూడదు. చూస్తే చెప్పలేం."

"అయ్యో! సార్‌కా? ఎప్పట్నుంచి?"

"ఎవరికీ చెప్పకు. వాడికే తెలీదు."

"ఒట్టు, ఎవరికీ చెప్పను," అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. చెప్పలేదు కూడా. బాధ్యత కనక కార్యదర్శికి మాత్రం చెప్పింది. కార్యదర్శి ఎవరికీ చెప్పలేదు, కమిటీకి తప్ప. కమిటీలో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆయన వేదిక మీద, వక్త పక్కనే తనకో కుర్చీ కావాలన్నాడు.

ఆవిడ ఇల్లు చేరేసరికి తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు.

"అక్కా, చొక్కా ఏదీ?"

"కాలింది."

"కాలిందా? ఇవాళా? ఎక్కడ?"

"వీపు మీద. ముందు వైపు బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు ఆపరేటరుగారు.

"నేను జనానికి వీపు చూపించకుండా ఎంతసేపు నిలబడను బావా? నేనేమైనా గోడకి వేలాడే పటాన్నా?"

"నా ఉన్ని కోటు ఉంది. మీద వేసుకో. పైదాకా గుండీలు పెట్టుకుంటే చొక్కా సంగతి చొక్కాకే తెలీదు."

"ఈ ఎండలోనా!"

"పెద్దమనిషిలా ఉంటావురా," అంది జాగ్రత్తమ్మ దీనంగా. ఆ మాట పనిచేసింది. అయితేగారు కోటు బిగించుకుని బయల్దేరాడు.

"జాగ్రత్త!" అంది ఆవిడ. ఈసారి మలుపు తిరిగాక కూడా చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. మామూలుగా అయితేగారి ఉపన్యాసానికి వచ్చేవాళ్ళకు ఒక బల్ల సరిపోతుంది. ఇవాళ నిలబడడానికి గోడలు దొరకలేదు. గుమ్మంలోనే మరదలు జాగ్రత్తమ్మ చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఊరందరికీ చెప్పి నాకొక్కదానికే చెప్పలేదా వదినా? నేను పరాయిదాన్నా?"

"అది కాదమ్మాయ్, అసలు సంగతేంటంటే..."

"వద్దు వదినా. మీకూ బాధే. పొద్దున కూరలో ఉప్పెక్కువైందని ఆయన అరిచారు, నేనూ తిరిగి అరిచాను. ఆ మాట గుర్తొస్తుంటే..." అని మరదలు భుజం మీద వాలిపోయింది. అసలు సంగతి చెప్పే వీలు భుజం కిందే నలిగిపోయింది.

సభ మొదలైంది. కార్యదర్శి మైకు పట్టుకున్నాడు. "అయితేగారు చాలా గొప్ప విమర్శకులుగా ఉండేవారు... ఉన్నారు. వారి లోటు ఎవరూ... అంటే, వారిలో లోటు ఎవరూ చూపించలేరు." వెనక వరుసల్లో ముక్కులు చీదిన చప్పుడు. టైలరింగు స్కూలు ప్రిన్సిపాలు మాట్లాడుతూ, "పైలోకంలో ఉన్న మహానుభావుల సరసన..." అని ఆగి, నీళ్ళు తాగి, కూర్చుంది.

అయితేగారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు ఊరు తనను గుర్తించింది. అంతలో ఆ పాత స్నేహితుడు జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నీ పుస్తకం సన్నగా లేదురా. నా బుద్ధే సన్నగా ఉంది."

"ఇప్పటికైనా తెలిసింది కదా," అన్నాడు అయితేగారు ఉదారంగా. ఉన్నికోటులో ఆయన చెమటతో తడిసి ముద్దవుతున్నాడు. పళ్ళ డాక్టరు ఆ చెమట చూసి, చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అభిమానంతో పట్టుకున్నాడనుకుని అయితేగారు కూడా ఆ చేతిని నొక్కాడు.

మూడో వరుసలో జాగ్రత్తమ్మ కొయ్యబారి కూర్చుంది. చిన్నప్పట్నుంచి ఆవిడ ఏ వీడ్కోలునూ తట్టుకోలేదు. ఇప్పుడు బతికున్న తమ్ముడికి, ఊరందర్నీ పిలిచి, స్వహస్తాలతో వీడ్కోలు సభ ఏర్పాటు చేసింది.

ఉపన్యాసం మొదలైంది. ఈసారి ఆవిడకు నిద్ర రాలేదు.

"ఈ సినిమాకు బలాలు లేవా? ఉన్నాయి. అయితే..." అని అయితేగారు అందుకున్నాడు. హీరో తూటాలు నింపకుండా మొదటి సగమంతా ఒకే తుపాకీతో కాల్చడాన్ని 'తరగని ఆత్మబలం' అన్నాడు. లారీ మీద ఫైటింగులో లారీ ఎక్కేటప్పుడు ఎర్రగా, దిగేటప్పుడు నీలంగా ఉండడం 'కోపం చల్లారడానికి సంకేతం' అన్నాడు. హీరో మీసం ఊడి అతుక్కోవడాన్ని మాత్రం బలహీనతల్లో వేశాడు, ఎక్కడో నిష్పక్షపాతం చూపించాలి కనక. ఇక కుర్చీ దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ చాచాడు. "ఆ కుర్చీలో ఎవరు? మనమే!" అన్నాడు. హాలు మొత్తం ఏడ్చింది.

దీపాలు ఆర్పారు. లైబ్రేరియన్ అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆపరేటరుగారిని పక్కకు పిలిచింది.

"ఆ సీను ఎక్కడ మొదలవుతుందో నాకు తెలీదు బాబాయిగారూ. మీరు రైలుకూత వినగానే నా భుజం తట్టండి, దాటించేస్తాను."

"నాకు చెప్తున్నావా? ఆ కూత నా నిద్రలో కూడా వినిపిస్తుంది," అన్నాడాయన.

సినిమా నడిచింది. హీరో కాల్చాడు. లారీ రంగు మారింది. రైలుపట్టాలు కనిపించాయి. అవి చూడగానే మూడో వరుసలో జాగ్రత్తమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని, కుర్చీ చేతిని పట్టుకుంది. ఆపరేటరుగారు అది చూశాడు. ఏడుస్తుందేమో, లేచి పోతుందేమోనని ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయాడు. కూత వేసింది. అమ్మాయి చెయ్యి మీట మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఎవరూ భుజం తట్టలేదు. హీరో కిటికీ పట్టుకున్నాడు. రైలు కదిలింది.

హీరో రుమాలు ఊపాడు. హీరోయిన్ రుమాలు ఊపింది. ప్లాట్‌ఫారం దాటిపోయింది. హీరోయిన్ కిటికీ తలుపు దించింది, అదే రుమాలుతో కళ్ళు తుడుచుకుంది, ఎదుటి బల్ల మీద కాళ్ళు చాపుకుంది, నవ్వింది. తరవాత చేతిసంచీ తెరిచి నల్ల గ్లవ్ ఒకటి తీసి, వేలు వేలుకీ సర్ది తొడుక్కుని, దాని మీద ఎర్రరాయి ఉంగరం పెట్టుకుంది.

"పిచ్చివాడు నమ్మాడు," అంది. "బండి గిడ్డంగి దగ్గర ఆపించండి."

వెనక ఎక్కడో, ఆ పాత్ర పేరు పెట్టుకున్న నడివయసు ఆడవాళ్ళు కొందరు ఒక్కసారిగా తమ తల్లుల వైపు తిరిగారు. టైలరింగు స్కూలు ప్రిన్సిపాలు తన బోర్డు గురించి ఆలోచించింది. జాగ్రత్తమ్మ కళ్ళు తెరిచేసరికి తెర మీద ఆ నల్లగ్లవ్ చెయ్యి సిగరెట్టు వెలిగించుకుంటోంది. ఆవిడకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నోట్లోంచి, "ఓసి దొంగమొహందానా!" అని వచ్చేసింది. ఆ మాట హాలంతటికీ వినపడింది.

మిగతా సినిమా జనం సగం తెర వైపూ, సగం అయితేగారి వైపూ చూశారు. ఆఖరుకి కుర్చీ తిరిగింది. "నువ్వా!" అన్నాడు హీరో. ఈసారి ఊరందరికీ తెలుసు. తుపాకీ పేలింది. మేడ కూలింది. దీపాలు వెలిగాయి.

ప్రతి ఒళ్ళోనూ పుస్తకం ఉంది. అట్ట మీద కుర్చీ బొమ్మ, దాని కింద 'ఇందులో కూర్చున్నది మనమే' అన్న వాక్యం ఉన్నాయి.

అయితేగారు తెల్లబోయి నిలబడ్డాడు. అంతా ఒక్కసారిగా తోచింది. ఊళ్ళో ఉన్నది ఒకే హాలు, ఆ హాలుకు ఉన్నది ఒకే ఆపరేటరు. ఆయన మెల్లగా బావ వైపు తిరిగాడు. ఉక్కకు గుండె దడదడలాడుతుంటే కోటు మీద చెయ్యి వేసుకున్నాడు.

"సార్!" అని అరిచి పళ్ళ డాక్టరు ఆయన్ని పట్టుకుని కుర్చీలో కుదేశాడు. మరదలు పరిగెత్తుకొచ్చింది. ఎవరో పుస్తకంతో గాలి విసిరారు, ఎవరో నీళ్ళు చల్లారు. అంతవరకూ నవ్వు ఆపుకోవడానికి పెదాలు కొరుక్కుంటున్న ఊరు నవ్వు మరిచి పెదాలు వదిలేసింది. చనిపోబోయే మనిషితో నువ్వు తప్పు రాశావని ఎవరంటారు? కార్యదర్శి మైకు లాక్కున్నాడు.

"దర్శకుడు చూపించింది పైపై నిజం. మన అయితేగారు చూసింది లోపలి నిజం! అంతే కదండీ?"

"అంతే, అంతే!" అంది హాలు. చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. అందరికంటే గట్టిగా కొట్టింది పాత స్నేహితుడు. మరదలు భర్తను రిక్షాలో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది. జాగ్రత్తమ్మ "జాగ్రత్త" అనబోయి, అనలేకపోయింది.

ఇంటికి వచ్చాక ఆపరేటరుగారి మీద విరుచుకుపడింది.

"ఆ మాయలాడి కోసమా నేనంత ఏడ్చింది? మీరైనా ఆ ముక్క చూడలేదా?"

"చూళ్ళేదు."

"ఆపరేటరయ్యుండి! అప్పుడు సరే, ఇవాళ కూత వినపడలేదా? ఎటు చూస్తున్నారు?"

ఆయన కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మళ్ళీ ఆవిడ వైపే చూశాడు. ఆవిడ ఇంకోసారి అడగబోయి, లోపలికెళ్ళి ఆయనకు మజ్జిగ తెచ్చిపెట్టింది.

మర్నాడు ఉదయం జాగ్రత్తమ్మ కాఫీ పెట్టి గేటు దగ్గర నిలబడింది. కాఫీ చల్లారింది. మళ్ళీ పెట్టింది. లోపల గ్లాసు బోర్లించే ఉంది. వీధి మలుపు ఖాళీగా ఉంది. వెళ్ళినవాళ్ళు తిరిగి రారని తను ఎప్పట్నుంచో చెబుతూనే ఉంది, ఎవరు విన్నారు?

మలుపులో కోటు కనిపించింది. దాన్ని ఒకవైపు మరదలు, ఒకవైపు పాత స్నేహితుడు పట్టుకుని నడిపిస్తున్నారు.

గడప దాటగానే అయితేగారు, "కాస్త గాలి ఆడనివ్వండి," అని వాళ్ళిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి, లోపలికి వచ్చి తలుపు వేశాడు. అక్కను చూశాడు. బావను చూశాడు.

"బావా, ఆ ముక్క ఎక్కడుంది?"

"ట్రంకుపెట్టెలో," అన్నాడు ఆపరేటరుగారు తల వంచుకుని. "నీకెలా చెప్పాలో..."

"మిగతా ఊళ్ళల్లో ఆ ముక్కతో ఆడారు. వారం ఆడలేదు. నువ్వు తీసేశావు, ఒక తరం చూసింది. ఆ సినిమాకు అసలు ఎడిటరు నువ్వు బావా. రెండో ముద్రణలో ఆ రైలు సీను బలహీనతల్లోకి వెళుతుంది. నీ పేరు రాయను, నువ్వు ఆ పెట్టె మాత్రం తెరవకు."

జాగ్రత్తమ్మ తమ్ముడి కోటు అంచు పట్టుకుంది. "అయితే నీకు కోపం లేదట్రా?" అంది.

"ఉంది. అయితే..." అని గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకు గుండెజబ్బని ఊళ్ళో ఎవరు పుట్టించారక్కా?"

"నేనే నాయనా. నా నోరు పడిపోను. ఇప్పుడే వెళ్ళి అందరికీ నిజం చెప్పేస్తాను."

"ఒద్దు!" అన్నాడు కంగారుగా. "జబ్బు లేదని తెలిస్తే పుస్తకం చదివి నవ్వుతారు."

ఆవిడ గ్లాసు తిరగేసి కాఫీ పోసింది. వరండాలోంచి మరదలు, "వదినా, పంచదార వేయకండి!" అని కేకేసింది. ఆయన చేదుకాఫీ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, పేపరు తీసి బావతో పోట్లాట మొదలుపెట్టాడు.

తరవాతి వారం మరదలు ఆయన్ని నిజమైన గుండె డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. గుర్రానికి ఉండాల్సిన గుండె అని డాక్టరు మెచ్చుకుంటే, ఆ మాట బయట ఎక్కడా అనొద్దని అయితేగారు ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు.